కనీసం ఐదు వేలు

మిల్లు బంద్ పడ్డ నెలల్ల
డ్రయ్యరు మీది గదిల ఏసీ నడుస్తది.
నేను కాంటా గుమాస్తాను.
వడ్లు రాని దినాలల్ల ముక్కలు పంచుత.

నడుమ ఒక్క ముక్క, వెల్లకిల.
దాని జోడు లోపలన్న పడాలె, బయటన్న పడాలె.
గింతే ఆట. తెలివి అక్కర లేదు,
అందుకే మిర్యాలగూడల తెలివైనోళ్లందరు వస్తరు.

మొదట్ల కనీసం ఐదు వందలుండె.
ఎరువుల దుకాండ్ల పిలగాండ్లు, ఆర్ఎంపీ డాక్టర్లు,
ఒకాయన పెండ్లిబట్టల మీదనే మెట్లెక్కిండు.
రొద ఎక్కువైందని సేటు వెయ్యి జేసిండు.
క్రషర్లోళ్లు వచ్చినంక రెండు వేలు.
ప్లాట్ల ధర లేసిన ఏడు, ఐదు.
ఎవ్వలిని పొమ్మనలేదు.
అంకె ఎక్కుతుంటె మనుషులు
వాళ్లంతట వాళ్లే మెట్లు దిగిన్రు.

చంద్రమౌళి పాత వడ్ల కొనుగోలు బుక్కు తెస్తడు.
రకం అని అచ్చేసిన గడిల ‘లో’ అని రాస్తడు,
తేమ శాతం గడిల ‘బ’ అని.
మూడేండ్ల లెక్క ఉన్నది ఆయన కాడ.
వరుసగ ఆరుమాట్ల బయట పడితె
పెన్ను మూత కొరుక్కుంట
“ఇగ లోపలికి మర్లుతది” అంటడు.
భుజం మీంచి అదే గడి చూసి లచ్చిరెడ్డి
“గాలి బయటికే కొడుతుంది” అని బయట పెడతడు.
ఇద్దరు చదివింది ఒక్క కాయితమే.

దక్షిణం మొఖం కుర్చీల ఎవ్వలు కూసోరు,
దాని మీద కోట్లు, తాళంచేతులు, బీపీ గోలీలు.
గెలుస్తున్నోడు చల్లారిన చాయ్ కప్పు
చేతులనే పట్టుకుంటడు, దించితె పోతదని.

జానకిరాములు ముక్క నన్ను తిప్పనియ్యడు.
మూల పట్టి,
చలికాలం గిన్నెల నెయ్యి గీకినట్టు
జరంత జరంత ఎత్తుతడు.
అది రాజో ఏడో ఎప్పుడో అయిపాయె గదా
అనిపిస్తది నాకు.
అనను.

ఇంకొకాయన ఉన్నడు, పేరు వద్దు.
గంటకొక్కమాటు పెడతడు, కనీసమే పెడతడు.
ఐదుకు మీద ఒక్క నోటు పెట్టంగ నేను చూడలే.
కనీసం సారని నవ్వుతరు ఆయన్ని.
ఆయన బడికి ఆరు బస్సులుండె.
ఇప్పుడు నాలుగు.
పొద్దుగాల కాంటా కాడ నిలవడి నేనే లెక్కపెట్టిన.

గెలిచినోని కాడ నూటికి ఐదు తీసి డబ్బాల ఏస్త.
డబ్బా ఒక్క దినం గూడ ఓడలే.

కింద హమాలీ ఎట్టయ్య అడిగిండు
“కనీసమంటె ఎన్ని బస్తాలే?”
బస్తాకు ఏడు రూపాయల లెక్కన చెప్పిన:
ఏడువందల పద్నాలుగు, మీద జరంత.
“ఒక్క ముక్కకా?”
“ఒక్క ముక్కకే.”
బీడీ ఆర్పి, మిగిలిన సగం చెవి మీద పెట్టుకున్నడు.
మీదికి చూడలే.

రెండున్నరకు బండి తీస్త.
నేను ఎన్నడు పైస పెట్టలే, అమ్మతోడు.
కని వాడపల్లి రోడ్డెక్కినంక
ఎదురొచ్చే లారీకి టార్పాలిన్ కప్పి ఉంటె లోపల,
లేకుంటె బయట.
నిన్న రాత్రి ఇల్లు చేరెదాక తొమ్మిది లారీలు.
ఏడు బయట.
ఇగ మర్లుతదని నాకు తెలుసు,
తెలుసని తెలిసి సిగ్గయింది,
అయినా పదో లారీ కోసం
వాకిట్ల బండి బంద్ జేయకుంట కాసేపు నిలవడ్డ.

రాలే.
తలుపు కొట్టిన.
“ఎవలు?” అన్నది యశోద, నిద్ర గొంతుతోని.
నేనే అనెటందుకు ఎందుకో నోరు రాలే.
లోపట గడియ మెల్లగ జరుగుతుంది,
మూల పట్టి ముక్క ఎత్తుతున్నట్టు.